సత్తిబాబు అడిగిన మూడు కత్తులు

దివిసీమలో డేరా వేసుకుని పడుకుని వచ్చానని చెబితే మా ముదినేపల్లిలో అందరూ మొదట అడిగింది ఒకటే, ఇంట్లో గొడవైందా అని. గొడవ ఇంట్లో కాదు, సత్తిబాబుతో. ఆ గొడవ కోసమే వెళ్ళాను. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు చదివితే తప్పులు వెతుకుతారు, వాళ్ళు దయచేసి పక్కన పెట్టేయండి.

ముందు నా సంగతి. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. మా హెడ్మాస్టరు గారు బతికుంటే ఈ మాటకి ఒప్పుకునేవారు కాదు, తానే మాన్పించానని అనేవారు. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు, మోటార్లు బాగుచేయడం నా పని. ఒకచోట పావుగంట కూర్చోలేను. మా ఆవిడ దుర్గ నన్ను సీలింగ్ ఫ్యాన్ అంటుంది, రోజంతా తిరుగుతాడు, ఎక్కడికీ చేరడు అని.

సత్తిబాబు నాతో చదివాడు, నాకంటే మూడు తరగతులు ఎక్కువే చదివాడు. మాకు చుట్టరికం లేదు కానీ చిన్నప్పటినుంచి బావా అంటే బావా. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి నిశ్చితార్థం జరిగింది. అప్పటికి వాడు రొయ్యల చెరువు వేసి వరసగా రెండు పంటలు పోగొట్టుకుని ఉన్నాడు. భోజనాల్లో మగపెళ్ళివారి మధ్య కూర్చున్న నేను, విస్తట్లో గారె ఉండగా ఊరుకోకుండా, "మా వాడి చెరువులో రొయ్య తప్ప అన్నీ పెరుగుతాయండీ" అన్నాను. పంక్తి పంక్తంతా నవ్వింది. సత్తిబాబు కూడా నవ్వాడు. మర్నాటినుంచి నా ఫోను ఎత్తలేదు. పెళ్ళి శుభలేఖ కొరియర్లో వచ్చింది. మా ఇళ్ళ మధ్య దూరం రెండు వీధులు. పెళ్ళికి వెళ్తే, "భోంచేసి వెళ్ళండి" అన్నాడు. ఆ "అండి" నాకు ఇప్పటికీ అరగలేదు.

ఇందులో ఒక కత్తి కూడా ఉంది. నిశ్చితార్థం రోజు పొద్దున్న అరటాకులు కోసే కత్తిని నేను వాడి చేతికి అందించాను. మన వైపు కత్తి చేతికివ్వరు కదా. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి, చేతికిస్తే ఇద్దరికీ పడదంటారు. సత్తిబాబు భార్య లక్ష్మి అది చూసింది. తర్వాత ఎప్పుడో, ఆ కత్తి వల్లే ఇదంతా అన్నయ్యగారూ అంది. ఆ మాట నాకెంత నచ్చిందంటే ఊరంతా నేనే తిరిగి చెప్పాను. తప్పు కత్తిదైతే నాది కాదు కదా.

తర్వాత వాడు ఇల్లు తాళం పెట్టి కోడూరు వైపు వెళ్ళిపోయాడు, ఎవరివో రొయ్యల చెరువులు చూసుకోవడానికి. మొన్న మాఘమాసంలో నాకు ఇక ఉండబట్టలేదు. కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఒక రాత్రి పడుకోవాలని మేమిద్దరం మీసాలు రాకముందునుంచీ అనుకునేవాళ్ళం, ఎప్పుడూ వెళ్ళలేదు. డేరా కొన్నాను, వస్తావా అని లక్ష్మితో కబురు పెట్టాను. రెండు రోజులకి ఆవిడే ఫోన్ చేసి జవాబు చదివి వినిపించింది. చేప కొయ్యడానికి ఒకటి, కొబ్బరిబొండాలు కొట్టడానికి ఒకటి, పొయ్యిలోకి కట్టెలు నరకడానికి ఒకటి, మూడు కత్తులు ఆయన్నే స్వయంగా చూసి తెమ్మను. షెడ్డులో పడున్న తుప్పు ముక్కలు తెస్తే కోడూరు సెంటర్నుంచే తిప్పి పంపిస్తాను.

అడిగే హక్కు వాడికుంది. ఊళ్ళో ఏ శుభకార్యమైనా చేపలు, మాంసం కొయ్యడానికి సత్తిబాబునే పిలిచేవారు. అదీకాక నేను ఏ వస్తువునీ రెండు నిమిషాలు చూసి కొనే మనిషిని కానని వాడికి తెలుసు. ఆఖర్న లక్ష్మి మెల్లగా, "సరిగ్గా చూసి తెండి అన్నయ్యగారూ. ఈసారి కుదరకపోతే ఇక పిలవొద్దు అన్నారు" అంది.

గుడివాడ

మొదటి రోజే మొదటి తప్పు చేశాను. గుడివాడలో ఒక పెద్ద స్టీలు సామాన్ల షాపుకి వెళ్ళి క్యాంపింగుకి కత్తి కావాలన్నాను. క్యాంపింగ్ అనే మాట వినగానే సేల్స్‌మాన్ మొహం వెలిగిపోయింది. తెచ్చిపెట్టింది మడత కత్తి. కత్తి, రంపం, కత్తెర, సీసా మూత తీసేది, స్క్రూడ్రైవరు, ఇంకా ఏమిటో వాడికే తెలియని రెండు కొక్కేలు, మొత్తం పదకొండు పనులట. ఎనిమిది వందల యాభై. మూడింటికి బదులు పదకొండు వస్తుంటే ఇక ఊళ్ళు తిరగడం దేనికి? కత్తి చేతికిస్తున్నావేంటయ్యా అంటే, డబ్బాలో ఉంది కదా సార్, పట్టింపు ఉండదన్నాడు. అట్ట డబ్బాకి అంత మహిమ ఉందని నాకు తెలీదు.

ఎదురుగా హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పాను. మా ఊళ్ళో ఇదే అట్టు సగం ధరకి వస్తుంది, అల్లప్పచ్చడి అడిగినన్నిసార్లు వేస్తారు. ఇక్కడ రెండోసారి అడిగితే సర్వరు నా వంశం గురించి ఆలోచిస్తున్నట్టు చూశాడు. అట్టు వచ్చేలోపు ఊరికే కూర్చోలేక డబ్బా విప్పి కత్తి తెరిచాను. మూసేటప్పుడు ఏది ఏ వైపు మడవాలో తెలియక ఎడమచేతి చూపుడువేలు మధ్యలో పెట్టాను. పదకొండు పనుల్లో ఆ రోజు అది చేసింది ఇదొక్కటే. సర్వరు వేలికి గుడ్డ కట్టి, పచ్చడి అడక్కుండానే వేశాడు.

బండెక్కాక సత్తిబాబు ఈ కత్తి చూస్తే ఏమంటాడో ఊహించుకున్నాను. పామర్రు దాటేదాకా అదే ఊహ. మంచి కమ్మరి ఉన్నారని విని పామిడిముక్కల వైపు బండి తిప్పాను.

పామిడిముక్కల దారిలో

వరి కోసేసిన చేలల్లో మినుము పెరుగుతోంది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో కమ్మరి సాంబాచారి గారి కొలిమి. అరవై దాటిన సన్నటి మనిషి. తోలుతిత్తి స్థానంలో కరెంటు బ్లోయరు పెట్టారు. దాని మోత వినగానే బేరింగు పోయిందని చెప్పాను. ఆయన నావైపు మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు.

కత్తి కావాలన్నాను.

"ఏం కొట్టడానికండీ?"

"ఏదైనా కొట్టేది ఇవ్వండి."

"అలాంటిది నేను చెయ్యనండీ" అని మళ్ళీ పనిలో పడ్డారు.

అప్పుడు సత్తిబాబు జాబితా చెప్పాను. బొండాలంటే లేతవా, ముదురువా? కట్టెలంటే సరుగుడా, తుమ్మా? కొట్టే మనిషి పొడుగా, పొట్టా? కుడిచేతి వాటమా? పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు. సత్తిబాబు నాకంటే జానెడు పొట్టి అని, ఎడమచేతి వాటమని, కత్తి పైకెత్తేముందు ఒకసారి చెయ్యి ఆడిస్తాడని చెప్పుకుంటూపోయాను. అంత గుర్తుందని నాకే తెలీదు.

కట్టెల కత్తికని పాత లారీ కమాను పట్టీ ముక్క తీసి కొలిమిలో పెట్టారు. బొండాల కత్తి ఒకటి తయారుగానే ఉంది, పిడి మాత్రం ఎడమచేతికి తగ్గట్టు మార్చాలన్నారు. రేపు పొద్దున్న రమ్మన్నారు. నాకు రేపు అనే మాట పడదు. మధ్యాహ్నమంతా షెడ్డు చుట్టూ తిరిగాను, బ్లోయరు బేరింగు మార్చాను, రెండుసార్లు టీ తెచ్చాను. ఇనుము కాలేదాకా ఆగలేరా అని ఆయన ఒకసారి మాత్రం విసుక్కున్నారు. చివరికి ఆయన పెరట్లోనే డేరా వేసి రిహార్సల్ చేద్దామనుకున్నాను. పట్టణాలవాళ్ళు దీనికోసం సెలవు పెట్టి, డబ్బిచ్చి మరీ వెళ్తారట. డేరా జిప్పు సగంలో ఆగిపోయింది. దోమలు కూడా రిహార్సల్ చేసుకున్నాయి.

పొద్దున్న రెండు కత్తులూ కొలిమి ముందు నేలమీద పెట్టి ఉన్నాయి. చేతికివ్వచ్చు కదండీ అని ఆటపట్టించాను. ఆయన బేరింగుకి డబ్బు తీసుకోమని పట్టుబట్టారు గానీ కత్తి మాత్రం చేతికివ్వలేదు.

బందరు

ఊరి పేరు రాతల్లో మచిలీపట్నం, నోట్లో బందరు. చేపల మార్కెట్టులో ఆడవాళ్ళు వరసగా కత్తిపీటల మీద కాలు వేసి కూర్చున్నారు. మా వైపు చెరువుల ఊళ్ళలో చేపల్ని టన్నుల్లో చూస్తాం, ఐసు వేసి లారీకెక్కిస్తాం, ఇంట్లో మాత్రం నాలుగు రోజులకోసారి పప్పే. ఇక్కడ ఒక్కో చేప దగ్గరా బేరం, ఒక్కో బేరంలో కుటుంబ చరిత్ర.

నాగమణి అనే ఆవిడ పండుగప్పకి బూడిద రాసి పొలుసు తీస్తోంది. చేప కత్తి ఎలాంటిది కొనాలో చెప్పమన్నాను. ఆవిడ తలెత్తలేదు.

"కోసేది ఎవరు?"

"మా స్నేహితుడు."

"ఆయన మీలా గంతులేసే మనిషా, కూర్చునే మనిషా?"

"కూర్చుంటే లేవడు."

"అయితే కత్తిపీట కొనండి. కత్తి కదలకూడదు బాబూ, చేప కదలాలి. మీకైతే వద్దు, కాలు కోసుకుంటారు." నా వేలికున్న గుడ్డ అప్పుడే చూసినట్టుంది, పక్కావిడకి చూపించింది. వరస వరసంతా నవ్వింది. నలుగురిలో నవ్వులపాలవడం నాకు పెద్దగా అలవాటు లేదు. నేనూ నవ్వాను. నవ్వు మొహంమీద పెట్టుకుని అక్కడినుంచి కాస్త తొందరగానే బయటపడ్డాను.

చిన్న కత్తిపీట కొని, మూడింటికీ పదును పెట్టించడానికి సాన పట్టే మస్తాన్ గారిని వెతుక్కుంటూ వెళ్ళాను. సైకిలుకి సానరాయి బిగించుకుని తొక్కుతూ వీధులు తిరుగుతారాయన. తెల్లగడ్డం, నెత్తిన టోపీ. మడత కత్తి చూసి పక్కన పెట్టేశారు. చేప కత్తికి అంచు సన్నగా ఉండాలి, కట్టెల కత్తికి మందంగా ఉండాలి, రెంటికీ ఒకే పదును పెడితే రెండూ పాడవుతాయట. బొండాల కత్తి పూర్తిచేసి, కింద గోనెమీద పెట్టారు.

మీరూ చేతికివ్వరా అన్నాను. నలభై ఏళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వలేదన్నారు. ఇచ్చినందుకే నా స్నేహితుడు దూరమయ్యాడండీ అని మొదలుపెట్టి, ఊళ్ళో వందసార్లు చెప్పిన కథ మళ్ళీ చెప్పాను. అరటాకుల కత్తి, పంక్తి భోజనం, నా జోకు, వాడి ఫోను. జోకు దగ్గర ఆయన నవ్వుతారని ఆగాను. నవ్వలేదు.

"కత్తి ఇచ్చింది ఎప్పుడు?"

"పొద్దున్న."

"మాట అన్నది?"

"మధ్యాహ్నం."

"మధ్యలో ఆయన మీతో మాట్లాడారా?"

మాట్లాడాడు. ఇద్దరం పందిట్లో కాఫీ తాగాం. వాడి గ్లాసులో సగం నా గ్లాసులో పోశాడు, ఆకలితో ఉన్నట్టున్నావు బావా అని.

మస్తాన్ గారు కట్టెల కత్తి అందుకున్నారు. తొక్కడం మొదలుపెట్టారు. కట్టెల కత్తి రాయికి తగిలి నిప్పురవ్వలు లేచాయి. ఆ చప్పుడులో నిలబడ్డాను. ఆయన అన్నీ పూర్తిచేసేదాకా నేను ఎక్కడికీ వెళ్ళలేదు, టీ కూడా తేలేదు.

ఆ రాత్రి బందర్లోనే ఉండి, పొద్దున్నే బందరు లడ్డు అరకిలో కొన్నాను. సత్తిబాబుకి ఇష్టం. దారిలో సగం తినేశానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. భయం వేసినప్పుడు నాకు తీపి కావాలి.

కోడూరు

చల్లపల్లి, అవనిగడ్డ దాటితే గాలిలో ఉప్పు తెలుస్తుంది. తుపాన్ల మాట ఇక్కడ వాతావరణంలా కాదు, చుట్టాల రాకపోకల్లా చెబుతారు. ఫలానాది వచ్చినప్పుడు మా గోడ పోయింది, ఫలానాది వచ్చినప్పుడు మా పెద్దాడు పుట్టాడు అని.

సత్తిబాబు సెంటర్లో బండి పక్కన నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది, ఎండకి నల్లబడ్డాడు.

"ప్రయాణం బాగా జరిగిందాండీ?"

జరిగిందండీ అన్నాను. నేను కూడా అండి అనేసరికి మాకు మాట్లాడుకోవడానికి ఇంకేం మిగల్లేదు. లడ్డు పొట్లం అందుకుని, బరువు చూసి, సంచిలో పెట్టుకున్నాడు. వాళ్ళింట్లో లక్ష్మి చింతకాయ పచ్చడి, ఎండుచేపలతో అన్నం పెట్టింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఆవిడే మాట్లాడింది. వెళ్ళేటప్పుడు పులుసుకి పండుగప్ప, నాలుగు బొండాలు సంచిలో పెట్టిచ్చింది. కత్తుల మూట సత్తిబాబు విప్పలేదు. అక్కడికి వెళ్ళాక చూద్దామన్నాడు.

నది కలిసేచోట

కృష్ణ సముద్రంలో కలవడం పెద్ద ఆర్భాటంగా ఉంటుందనుకున్నాను. అదేం లేదు. ఇటు మట్టిరంగు, అటు ఆకుపచ్చ, మధ్యలో తెల్లటి నురగ గీత. అంత దూరంనుంచి వచ్చిన నది, ఇంటికొచ్చిన మనిషిలా చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోతుంది. దాని నిదానం చూస్తే నాకు కుళ్ళు పుట్టింది.

డేరా దించుతుంటే ఫారెస్టు గార్డు ఒకాయన వచ్చారు. కుర్రమనిషి, మర్యాదస్తుడు. చీకటిపడ్డాక ఇక్కడ ఎవరూ ఉండకూడదు, మంట వెయ్యకూడదు, మడ అడవిలో కొమ్మ కూడా ముట్టకూడదని చెప్పి, గోనెలో ఏముందని అడిగారు. విప్పాను. కట్టెల కత్తి, బొండాల కత్తి, కత్తిపీట, మడత కత్తి. ఆయన వాటినీ, మమ్మల్నీ చూశారు.

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. "కంగారుపడకండి సార్, ముఠాలో మిగతావాళ్ళు ఇంకా రాలేదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. బండి నంబరు రాసుకోవడం మొదలుపెట్టారు. కత్తులు ఇక్కడే వదిలి వెళ్ళమన్నారు. మూడు రోజుల తిరుగుడు ఆ ఇసుకలో కలిసిపోతోంది. సత్తిబాబు ముందుకు వచ్చి, తను పనిచేసే చెరువుల పేరు, ఊరు చెప్పి, వంట కోసమండీ, ఈయన మాటలే అంత, మనిషి ఏం చెయ్యలేడు అని నచ్చజెప్పాడు. గార్డు కాసేపు ఆలోచించి, వెంటనే వెళ్ళిపోమని వదిలేశారు.

మూట కట్టుకుని బండి దగ్గరకి నడిచాం.

"ఎక్కడ ఏం మాట్లాడాలో మీకు ఇంకా తెలియలేదండీ" అన్నాడు సత్తిబాబు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఇంటికి వెళ్ళిపోదామని అంటాడనుకుని ఎదురుచూశాను. అనలేదు. చెరువుల దారి పట్టాడు.

చెరువు గట్టు

అలా మా క్యాంపింగు సముద్రపు ఒడ్డునుంచి రొయ్యల చెరువు గట్టుకి మారింది. ఇంకా ఎండ ఉంది. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. నాలుగో దాని శబ్దం తేడాగా ఉంది. లేవబోయి కూర్చున్నాను.

సత్తిబాబు గోనె విప్పి ఒక్కొక్కటే చూశాడు. కత్తిపీట పలక మీద బరువు వేసి ఊగుతుందేమో చూశాడు. కట్టెల కత్తి అంచుమీద బొటనవేలు అడ్డంగా రాశాడు. మడత కత్తి తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేంటండీ?"

"పదకొండు పనులు చేస్తుంది."

"ఏది, ఒకటి చూపించండి."

వేలికున్న గుడ్డ చూపించాను. వాడి మీసం ఒకవైపు కదిలి ఆగింది.

ముందు బొండాలు కొట్టాలి. బొండాల కత్తి తీసి, మన పద్ధతి ప్రకారం, వాడి ముందు గట్టుమీద పెట్టాను. ఎడమచేతికి తగ్గట్టు చెక్కిన పిడిని వాడు చూశాడు. చాలాసేపు చూశాడు. తీసుకోలేదు.

"మన మధ్య తేడా కత్తి చేతికివ్వడం వల్ల వచ్చిందని ఊళ్ళో చెబుతున్నారటగా?" అన్నాడు.

నా నోట్లో అప్పటికే మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. మూడూ నవ్వొచ్చేవే. మస్తాన్ గారి సైకిలు చక్రం గుర్తొచ్చింది.

"కత్తి పొద్దున్న ఇచ్చాను" అన్నాను. "అది ఇచ్చాక ఇద్దరం కాఫీ తాగాం, నీ గ్లాసులోది నాకు పోశావు. మధ్యాహ్నం పంక్తిలో నేనన్న మాట బావా. అదే. కత్తి ఏం చెయ్యలేదు."

నేను కదలకుండా కూర్చున్నాను. ఇది చదువుతున్న మీకు అదేం గొప్ప అనిపించవచ్చు. దుర్గకి చెబితే ఫోటో ఉందా అని అడిగింది.

"వాళ్ళు నవ్వినందుకు కాదురా" అన్నాడు చివరికి. "వాళ్ళతోపాటు నేను కూడా నవ్వాల్సొచ్చింది. అదీ."

బందరు చేపల మార్కెట్టు వరసలో నేను నవ్విన నవ్వు మొహంమీద ఇంకా ఉన్నట్టే అనిపించింది.

వాడు ఎడమచెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు."

"చేతికా?"

"చేతికే. ఆ కత్తి వల్ల రావాల్సిన గొడవేదో మనకెప్పుడో అయిపోయింది."

గట్టుమీదనుంచి కత్తి తీసి, పిడి వాడి వైపు తిప్పి ఇచ్చాను. వాడు పైకెత్తేముందు చెయ్యి ఒకసారి ఆడించాడు. మూడు దెబ్బల్లో బొండం తెరుచుకుంది. మొదటిది నాకిచ్చాడు.

తర్వాత సరుగుడు కట్టెలు నేను నరికాను, చేప వాడు కోశాడు. కత్తిపీట కదల్లేదు, పండుగప్ప కదిలింది. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు ఉడుకుతుంటే, మేత చూసుకుని వస్తానని వాడు చెక్క వంతెన మీదుగా చెరువులోకి నడిచాడు. వెనకాలే వెళ్ళాను. మేత ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్ళలో దించే వల పళ్ళేన్ని తాడు పట్టి పైకి లాగాడు. పళ్ళెం నిండా రొయ్యలు, వేళ్ళంత పొడుగువి, టపటపా ఎగురుతున్నాయి.

నాలుక చివరికి ఒక మాట వచ్చింది. పళ్ళతో పట్టుకుని మింగేశాను.

"ఏదో అనబోయావు."

"ఏం లేదు బావా."

"అనరా, ఇక్కడ పెళ్ళివారెవరూ లేరు."

"నిజంగా ఏం లేదు."

వాడు పళ్ళెం అలాగే పట్టుకుని, ఎగిరే రొయ్యల్ని చూస్తూ, చాలా దిగులుపడ్డవాడిలా తల ఆడించాడు.

"ఈ చెరువుతో ఇదొక్కటే బాధరా. రొయ్య తప్ప ఇంకేం పెరగట్లేదు."

ఈసారి ముందు నవ్వింది వాడు. నేను తర్వాత నవ్వాను.